కిలోమీటర్ల దూరం దూసుకొచ్చే కొండచరియలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విరిగిపడ్డ కొండచరియ వాలు కిందే ఆగిపోవాలి కదా, దూరంగా ఉన్న ఊళ్ల మీదికి ఎలా వస్తుంది?

చిన్నవైతే వాలు కిందే ఆగుతాయి. వానాకాలంలో ఘాట్ రోడ్ల మీద కనిపించే రాళ్లు, మట్టి కుప్పలు ఎక్కువగా ఇలాంటివే. కానీ విరిగిన ముక్క లక్షల ఘనపు మీటర్లు దాటినా, అడుగున మట్టి నీటితో నిండి ఉన్నా లెక్క మారిపోతుంది. అప్పుడది చదును నేల మీద కూడా కిలోమీటర్ల దూరం పోతుంది, ఎదుటి గట్టు ఎక్కుతుంది, వాగు మలుపులు తిరుగుతుంది.

చరియ ఎక్కడ విరుగుతుందన్నది ఒక ప్రశ్న, ఎక్కడిదాకా వస్తుందన్నది మరో ప్రశ్న. జనం ఎక్కువగా చనిపోయేది రెండో చోట. అయినా మన దగ్గర చర్చంతా మొదటి ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఈ పేజీ రెండోదాని గురించి.

ఎంత దూరం పోయిందో దేనితో కొలుస్తారు?

రెండు కొలతలు చాలు. చరియ విరిగిన చోటి పై అంచు నుంచి శిథిలాలు ఆగిన చివరి అంచు దాకా ఎత్తు తేడా ఒకటి, ఆ రెండు బిందువుల మధ్య అడ్డంగా దూరం రెండోది. ఎత్తును దూరంతో భాగిస్తే వచ్చే అంకె ఎంత చిన్నదైతే చరియ అంత దూరం పోయినట్టు. 0.6 అంటే 31 డిగ్రీల వాలు, 0.2 అంటే దాదాపు 11 డిగ్రీలు, 0.1 అంటే 6 డిగ్రీల లోపు.

స్విస్ భూగర్భ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హైమ్ ఈ కొలతను వాడుకలోకి తెచ్చాడు. స్విట్జర్లాండ్‌లోని ఎల్మ్ గ్రామం పైన పలకరాయి గనిని కొండ అడుగు నుంచి తొలుచుకుంటూ పోయారు. 1881 సెప్టెంబర్ 11న దాదాపు కోటి ఘనపు మీటర్ల రాయి కూలి 115 మంది చనిపోయారు. ఆ ఘటనను హైమ్ పరిశోధించాడు. ఈ రంగంలో జరిగిన పనికి చాలావరకు మొదలు అక్కడే.

బడిలో చెప్పిన ఘర్షణ లెక్క ఇక్కడ పనికిరాదా?

పనికొస్తుంది, కొంత దూరం వరకే. దిమ్మ జారేటప్పుడు దాని స్థితిజ శక్తి మొత్తం ఘర్షణకు ఖర్చైతే, పోయే దూరం ఎత్తును ఘర్షణ గుణకంతో భాగించినంత. ఇందులో బరువు రెండు వైపులా కొట్టుకుపోతుంది. రాయి మీద రాయికి గుణకం 0.6 అనుకుంటే, 500 మీటర్ల ఎత్తు నుంచి పడ్డది గులకరాయైనా కొండ ముక్కైనా సుమారు 830 మీటర్లకు మించి పోకూడదు.

చిన్న చరియలు ఈ లెక్కకు కట్టుబడే ఉంటాయి. పెద్దవి ఉండవు. శాస్త్రవేత్త షైడెగర్ 1973లో పాత ఘటనల కొలతలను ఒక గీత మీదికి తెచ్చాడు. దాని ప్రకారం పరిమాణం లక్ష ఘనపు మీటర్లైతే ఎత్తు, దూరాల నిష్పత్తి దాదాపు 0.69. పది లక్షలకు 0.48, కోటికి 0.34, పది కోట్లకు 0.23, వంద కోట్లకు 0.16. అంటే అదే 500 మీటర్ల ఎత్తు నుంచి పది కోట్ల ఘనపు మీటర్లు కదిలితే రెండు కిలోమీటర్లు దాటుతుంది. అదనంగా పోయిన ఆ 1,300 మీటర్లకు కారణం ఏమిటన్న దాని మీద నూట నలభై ఏళ్లుగా వాదన నడుస్తోంది.

ఒక జాగ్రత్త. ఇది సగటు గీత. నిజమైన ఘటనలు దీనికి పైనా కిందా బాగా చెదిరి ఉంటాయి. ఒక్క గీతను నమ్ముకుని ఇంటి స్థలం ఖాయం చేసుకోకూడదు.

ఆ అదనపు దూరమంతా తక్కువ ఘర్షణ వల్లేనా?

కాదు. కొంత భాగం మనం కొలిచే తీరులోనే ఉంది. ఘర్షణ లెక్క వర్తించేది గరిమనాభికి (బరువంతా ఒకే చోట ఉన్నట్టు లెక్కించే బిందువుకు), మనం కొలిచేది ముందు అంచును. కుప్ప కదులుతూ పలచబడి పరుచుకుంటుంది కాబట్టి గరిమనాభి కన్నా ముందు అంచు చాలా దూరం పోతుంది. పెద్ద కుప్ప మరింత దూరం పరుచుకుంటుంది. ఈ భాగాన్ని తీసేసినా పెద్ద చరియల్లో ఘర్షణ తక్కువగానే తేలుతుంది. దాని వివరణ కింద ఉంది.

కింద గాలి చిక్కుకుని చరియను మోస్తుందని విన్నాం. నిజమేనా?

1960లలో బలంగా వినిపించిన వాదన అది. కాలిఫోర్నియా ఎడారిలో ఎనిమిది కిలోమీటర్ల దూరం పోయిన బ్లాక్‌హాక్ అనే పురాతన చరియను అమెరికా భూగర్భ శాస్త్రవేత్త ష్రీవ్ గాలి దిండుతో వివరించాడు. ఇప్పుడు దీన్ని ప్రధాన కారణంగా ఎవరూ తీసుకోవడం లేదు. గాలే లేని చంద్రుడి మీద, త్సియోల్కోవ్‌స్కీ బిలం పక్కన, ఇలాంటి పెద్ద చరియ ఉంది. వాతావరణ పీడనం భూమితో పోలిస్తే ఒక శాతం కూడా లేని అంగారకుడి మీద, వాలెస్ మారినెరిస్ లోయల్లో, పదుల కిలోమీటర్లు పాకినవి ఉన్నాయి. పైగా పగిలిన రాళ్ల కుప్పలోంచి గాలి సులువుగా బయటికి పోతుంది.

మరి అసలు కారణం నీరేనా?

భూమ్మీద మనుషులను చంపే చరియల్లో చాలావాటికి నీరే.

వేడి నీళ్లతో కడిగిన స్టీలు గ్లాసును తడి గచ్చు మీద బోర్లిస్తే దానంతట అదే జారుతుంది. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి గ్లాసు బరువులో కొంత మోస్తుంది, అంచు నేలను నొక్కే బలం తగ్గుతుంది, తడి గచ్చు మీద ఘర్షణ పట్టు సడలుతుంది. గ్లాసులో గాలి చేసిన ఈ పనిని మట్టిలో గింజల మధ్య ఇరుక్కున్న నీరు చేస్తుంది.

అంకెల్లో చూద్దాం. 10 మీటర్ల మందం ఉన్న తడి మట్టి పొర అడుగున పైబరువు వల్ల కలిగే ఒత్తిడి దాదాపు 200 కిలోపాస్కల్, అంటే చదరపు మీటరుకు 20 టన్నులు. మట్టి పైదాకా నీరు నిండి నిశ్చలంగా ఉంటే అడుగున నీటి పీడనం 100. గింజలు ఒకదాన్నొకటి నొక్కేది మిగిలిన 100తోనే. గుణకం 0.6 అనుకుంటే అడుగున దొరికే నిరోధం సగానికి పడి 0.3తో సమానమవుతుంది, అంటే 17 డిగ్రీల వాలు మీద కూడా ఆగలేదు. ఇప్పుడు ఆ మట్టి కదలికతో నలిగి, గింజలు దగ్గరికి జరిగి, నీటికి బయటపడే సందు దొరక్క పీడనం 170కి పెరిగిందనుకోండి. గింజలకు మిగిలేది 30. నిరోధం 0.09. ఇక 6 డిగ్రీల వాలు మీద కూడా పారుతుంది.

ఆ పీడనం ఎంతసేపు నిలుస్తుందన్నది మట్టి రకం మీద ఆధారపడి ఉంటుంది. మీటరు మందం ఉన్న బంకమట్టిలోంచి పీడనం దిగడానికి రోజుల నుంచి నెలలు పడుతుంది, ముతక ఇసుకలోంచైతే సెకన్లు చాలు. చరియ ప్రయాణం నిమిషాల్లో ముగుస్తుంది కాబట్టి బంక శాతం ఎక్కువున్న మట్టి దారి పొడవునా పీడనాన్ని వదలదు.

ఇంకొకటి, లోయల్లో ఉండేవారికి ముఖ్యమైనది. పైనుంచి వచ్చిన కుప్ప లోయ అడుగున నానిన మట్టి మీద ఒక్కసారిగా పడితే, ఆ మట్టిలోని నీటికి తప్పుకునే వ్యవధి ఉండదు. బరువంతా ముందు నీటి మీద పడుతుంది. లోయ మట్టి కూడా బలం కోల్పోయి కలిసి నడుస్తుంది. దీన్ని 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త హచిన్సన్, భారతీయ శాస్త్రవేత్త భండారి కలిసి వివరించారు. 2014 మార్చి 22న అమెరికాలోని ఓసో దగ్గర సుమారు 80 లక్షల ఘనపు మీటర్లు కదిలి, నదిని దాటి, చదును నేల మీది ఇళ్ల మధ్యకు కిలోమీటరుకు పైగా వచ్చింది. 43 మంది చనిపోయారు. అక్కడ కొండ ఎత్తు 200 మీటర్లు కూడా లేదు. అడుగున తడి పొర ద్రవంలా మారడమే అంత దూరానికి కారణమని పరిశోధనలు చెబుతున్నాయి.

పొడి రాయి కూలినప్పుడు కూడా దూరం పోతుంది కదా. అక్కడ నీరెక్కడిది?

అక్కడ వేడిని చూడాలి. 30 మీటర్ల మందం ఉన్న రాతి పలక జారుతోందనుకుందాం. అడుగున ఒత్తిడి 700 కిలోపాస్కల్, గుణకం 0.3 అయితే నిరోధం 210. అది 500 మీటర్లు జారేసరికి ఒక్కో చదరపు మీటరుకు 10 కోట్ల జౌల్‌లకు పైగా పని జరుగుతుంది. ఆ శక్తి మొత్తం 10 సెంటీమీటర్ల నలుగుడు పొరలో చేరితే ఉష్ణోగ్రత 500 డిగ్రీలకు పైగా పెరగాలి. వేడి పక్కకు పోయి చల్లారదా అంటే, ఇరవై సెకన్లలో రాతిలో వేడి పాకేది అర సెంటీమీటరు లోపే.

నిజంగా 500 డిగ్రీలకు చేరుతుందా అన్నది వేరే సంగతి. పొరలో కాస్త తేమ ఉన్నా అంతకు ముందే నీరు వ్యాకోచించి పీడనం పెరుగుతుంది, ఘర్షణ పడిపోతుంది, దాంతో వేడి పుట్టడమే తగ్గుతుంది. ఇటలీలో 1963 అక్టోబర్ 9న వయోంట్ జలాశయంలోకి 27 కోట్ల ఘనపు మీటర్ల కొండ సెకనుకు 25 నుంచి 30 మీటర్ల వేగంతో జారడానికి, సన్నటి బంకమట్టి పొరలో ఇలా పెరిగిన పీడనమే కారణమని చాలామంది భావిస్తారు. ఆనకట్ట నిలిచింది, దాని మీదుగా దూకిన నీటికి దాదాపు 2,000 మంది బలయ్యారు. తేమ లేని చోట రాయే కరగొచ్చు. ఆస్ట్రియాలోని కోఫెల్స్ చరియ అడుగున ఘర్షణ వేడికి కరిగి గాజులా గడ్డకట్టిన రాయి ఇప్పటికీ దొరుకుతుంది.

వీటితో పాటు ఇంకో మూడు వివరణలు ఉన్నాయి. వేగంగా రాసుకునే గింజల అంచులు క్షణంపాటు విపరీతంగా వేడెక్కి పట్టు వదులుతాయన్నది ఒకటి. లోపలి ప్రకంపనలు గింజలను ఒకదాని మీద ఒకటి పూర్తిగా ఆనకుండా చేస్తాయన్నది రెండోది, 1979లో శాస్త్రవేత్త మెలోష్ చెప్పినది. రాళ్లు పగిలేటప్పుడు విడుదలయ్యే శక్తి కుప్పను పరుచుకునేలా చేస్తుందన్నది మూడోది. మా అంచనాలో ఏ ఒక్కటీ అన్ని చరియలనూ వివరించదు. నీరున్న చోట నీరు, లేని చోట వేగం పెరిగే కొద్దీ తగ్గే ఘర్షణ, రెండింటి పైనా పరుచుకోవడం. ఇలా చూస్తే చాలా ఘటనలు అర్థమవుతాయి.

2021లో చమోలీలో రాయి, మంచు పడితే వరద ఎలా వచ్చింది? సరస్సు తెగిందా?

సరస్సు తెగలేదు. ఆ ఏడాది ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లో రోంటి శిఖరం నుంచి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్లు విడిపోయింది. అందులో దాదాపు 80 శాతం రాయి, 20 శాతం మంచు. ఈ నిష్పత్తే ప్రాణాంతకమైంది. ఎందుకో లెక్కేయండి.

20 శాతం అన్నది పరిమాణంలో. బరువులో చూస్తే కిలో మిశ్రమంలో మంచు 78 గ్రాములు. అది కరగడానికి, గ్రాముకు 334 జౌల్‌ల చొప్పున, 26 కిలోజౌల్‌లు కావాలి. కిలో బరువు 3,400 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి 33 కిలోజౌల్‌లు. అంటే లోయలోకి దిగేసరికి మంచు దాదాపు మొత్తం నీరైపోవడానికి ఆ ఎత్తే సరిపోయింది. మంచు సగం ఉండి ఉంటే శక్తి చాలేది కాదు, చాలా భాగం గడ్డగానే మిగిలేది. మంచు లేకపోయి ఉంటే రాళ్ల కుప్ప అంత దూరం పారేది కాదు.

ప్రవాహం ముందు అంచు రిషిగంగ విద్యుత్ కేంద్రం దగ్గర సెకనుకు 25 మీటర్లు, దాని దిగువనున్న తపోవన్ విద్యుత్ కేంద్రానికి ఎగువన 16, అది దాటాక 12 మీటర్ల వేగంతో పోయినట్టు వీడియోల ఆధారంగా లెక్కకట్టారు. చనిపోయినవారు, గల్లంతైనవారు 200 మందికి పైనే.

వయనాడ్‌లో ఎనిమిది కిలోమీటర్లు ఎలా పోయింది?

2024 జులై 30న అక్కడ విరిగింది కోటి ఘనపు మీటర్ల కొండేమీ కాదు. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహ చిత్రాల ప్రకారం విరిగిన ప్రాంతం 86,000 చదరపు మీటర్లు, సముద్ర మట్టానికి 1,550 మీటర్ల ఎత్తున. అక్కడి నుంచి శిథిలాలు నది వెంట సుమారు 8 కిలోమీటర్లు పోయాయి. అంతకు ముందు 48 గంటల్లో ఆ ప్రాంతంలో 570 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది.

ఇలాంటి ప్రవాహం దారిలోనే పెరుగుతుంది. 15 మీటర్ల వెడల్పున్న వాగు అడుగును రెండు మీటర్ల లోతున కోసుకుంటూ మూడు కిలోమీటర్లు వచ్చిందనుకుంటే, 90,000 ఘనపు మీటర్లు అదనంగా చేరినట్టు. ఆ మట్టి అప్పటికే నానిపోయి ఉంటుంది కాబట్టి ప్రవాహాన్ని నెమ్మదింపజేయదు, దాని నీటినీ కలుపుతుంది. చెట్లు, బండరాళ్లు ముందు అంచులో పోగై కదిలే కట్టలా మారతాయి, వెనక బురద ఎత్తు పెరుగుతుంది. వాగు ఇరుకు కావడంతో పక్కలకు పరుచుకుని పలచబడే అవకాశం కూడా ఉండదు.

అదే చోట పాత చరియ జాడను ఆ సంస్థ 2023 అట్లాస్‌లో ముందే గుర్తించింది. 1984లోనూ అదే ప్రాంతంలోని ముండక్కై ఊళ్లో చరియ పడి ప్రాణాలు పోయాయి. వాగు పక్క చదును నేల ఇళ్లకు అనువుగా కనిపిస్తుంది. ఆ చదును చాలాసార్లు ఇలాంటి పాత ప్రవాహాలు పరిచినదే.

ఎవరూ చూడని చోట వేగాన్ని ఎలా కనిపెడతారు?

ఆనవాళ్లను బట్టి. ఎదుటి గట్టు మీద బురద 30 మీటర్ల ఎత్తు దాకా ఎక్కితే, ఆ ఎత్తు నుంచి పడే రాయికి వచ్చే వేగమే కనీస వేగం: సెకనుకు 24 మీటర్లు, గంటకు 87 కిలోమీటర్లు. వాగు మలుపులో బురద గీత బయటి గట్టున ఎత్తుగా, లోపలి గట్టున తక్కువగా ఉంటుంది. మలుపు వ్యాసార్ధం 200 మీటర్లు, ప్రవాహం వెడల్పు 80, గీతల మధ్య తేడా 10 అయితే వేగం సెకనుకు దాదాపు 16 మీటర్లు. గీతలను ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే కొలవాలి, తర్వాతి వానకు చెరిగిపోతాయి.

పెద్ద బండలు అడుగున కాకుండా పైనే ఎందుకు కనిపిస్తాయి?

కదిలే కుప్పలో చిన్న గింజలు సందుల్లోంచి కిందికి జారిపోతాయి, పెద్దవి పైకి తేలతాయి. పై పొర వేగం ఎక్కువ కాబట్టి అవే ముందుకొస్తాయి. మొదట తగిలే దెబ్బ అందుకే అంత గట్టిగా ఉంటుంది.

ఇంటి ముందు గట్టి గోడ కడితే ఆగదా?

సాధారణ గోడతో ఆగదు. తడి శిథిలాల సాంద్రత ఘనపు మీటరుకు 2,000 కిలోలు, వేగం సెకనుకు 15 మీటర్లు అనుకుంటే ఒత్తిడి 450 కిలోపాస్కల్, అంటే చదరపు మీటరుకు 45 టన్నులు. బండ తగిలే దెబ్బ దీనికి అదనం. ఇటుక గోడలే కాదు, మామూలు కాంక్రీటు స్తంభాలు కూడా నిలవవు. వాగు పైభాగంలో ఉక్కు వలలు, నీటిని వదిలి రాళ్లను పట్టే జాలీ కట్టలు కొంత పనిచేస్తాయి. నిండాక పూడిక తీయకపోతే అవీ దండగే.

కంప్యూటర్ నమూనాలు ముందే చెప్పలేవా?

దారిని బాగానే చెబుతాయి, దూరాన్ని ఇచ్చిన అంకెల మేరకే. ఎక్కువగా వాడే వోల్మీ సూత్రంలో నిరోధం రెండు భాగాలు: బరువుతో పెరిగే ఘర్షణ, వేగపు వర్గంతో పెరిగే అడ్డు. పెద్ద రాతి చరియలకు ఘర్షణ గుణకం 0.1, వేగపు అడ్డును లెక్కించే రెండో అంకె 500 దగ్గర మొదలుపెట్టి, పక్క లోయలోని పాత ఘటనతో సరిపోయేదాకా సవరిస్తారు.

తప్పులు సాధారణంగా మూడు చోట్ల వస్తాయి. విరిగే పరిమాణాన్ని తక్కువగా వేసుకుని, దారిలో చేరే మట్టిని మరిచిపోతారు. 30 మీటర్ల గడుల ఎత్తుల పటం వాడితే 10 మీటర్ల వెడల్పు వాగు అసలు కనిపించదు, ప్రవాహం ఎటో పోతుంది. వంతెన కింద చెట్లు అడ్డుపడితే ప్రవాహం వాగు వదిలి బజారులోకి తిరుగుతుందన్నది నమూనాలో ఉండదు.

మా స్థలం ప్రమాదంలో ఉందో లేదో మేమే చూసుకోవచ్చా?

తొలి వడపోత చేసుకోవచ్చు. గూగుల్ ఎర్త్‌లో ఇంటి నుంచి వాగు వెంట పైకి శిఖరం దాకా గీత గీసి ఎత్తుల రేఖ చూడండి. ఎత్తు తేడా 400 మీటర్లు, దూరం 1.5 కిలోమీటర్లైతే నిష్పత్తి 0.27. వాగు దారిలో లేని స్థలానికి 0.2 కన్నా ఎక్కువ వస్తే, వాగు పక్క స్థలానికి 0.1 కన్నా ఎక్కువ వస్తే ఇంజినీరింగ్ భూగర్భ నిపుణుడిని పిలవాలి. పైన మందమైన మట్టి గానీ పగుళ్లున్న రాయి గానీ లేకపోతే ఈ అంకెకు విలువ లేదు, అదీ చూడాలి.

తర్వాత పునాది గుంట, బావి గోడ గమనించండి. గుండ్రటి రాళ్లు పొరలు పొరలుగా ఉంటే నది తెచ్చినవి. కోసుగా ఉన్న చిన్నా పెద్దా రాళ్లు బంకమట్టిలో క్రమం లేకుండా ఇరుక్కుని ఉంటే అక్కడికి పాత బురద ప్రవాహం వచ్చినట్టే. అంకెల కన్నా ఈ ఆనవాలుకే మేము ఎక్కువ విలువ ఇస్తాం. జియలాజికల్ సర్వే 1:50,000 స్కేలు పటాలు కూడా చూడండి, కానీ అవి ప్రధానంగా ఎక్కడ విరగొచ్చో చూపిస్తాయి, ఎక్కడిదాకా వస్తుందో కాదు.

ఆంధ్ర, తెలంగాణల్లో ఇలాంటివి వస్తాయా?

హిమాలయాల స్థాయి రాతి చరియలకు కావలసిన ఎత్తు మనకు లేదు. 2021 డిసెంబర్‌లో తిరుమల ఘాట్ రోడ్డు మీద, 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో పడినవి తక్కువ దూరం పోయేవి. అవీ ప్రాణాలు తీస్తాయి, కానీ కొండ అంచు నుంచి కాస్త దూరంగా ఉంటే తప్పించుకోవచ్చు. తూర్పు కనుమల్లో ఖొండలైట్ రాయి లోతుగా శిథిలమై ఎర్ర బంకమట్టిగా మారిన చోట్ల, గెడ్డల వెంట, తుపాను వానలకు బురద ప్రవాహం వచ్చే పరిస్థితులు మాత్రం ఉన్నాయి. వాలును నిలువుగా కోసి రోడ్లు, ఇళ్లు కడుతున్న కొద్దీ అవి పెరుగుతాయి.

ముందే తెలుస్తుందా? తెలిస్తే ఏం చేయాలి?

పెద్ద రాతి చరియలు తరచూ సూచనలిస్తాయి. స్విట్జర్లాండ్‌లో బ్లాటెన్ గ్రామాన్ని 2025 మేలో, పైన కొండ కదలికను కొలుస్తూ, కూలడానికి తొమ్మిది రోజుల ముందే ఖాళీ చేయించారు. 28న హిమానీనదంతో సహా కూలి ఊరు చాలావరకు పూడిపోయినా దాదాపు 300 మంది బతికారు. వానకు వచ్చే బురద ప్రవాహానికి అంత వ్యవధి ఉండదు. మూడు కిలోమీటర్ల పైన మొదలై సెకనుకు 15 మీటర్లతో వస్తే చేతిలో ఉండేది 200 సెకన్లు.

గమనించాల్సినవి: కొండ మీద కొత్త పగుళ్లు, బిగుసుకుపోయిన తలుపులు, ఒరిగిన చెట్లు, తేట ఊట హఠాత్తుగా బురదగా మారడం. అన్నిటికన్నా ప్రమాదకరమైనది, వాన కురుస్తుండగా వాగులో నీరు ఉన్నట్టుండి తగ్గిపోవడం. పైన ఎక్కడో అడ్డు పడిందని, అది తెగబోతోందని దాని అర్థం.

ఇవి కనిపిస్తే రాత్రైనా సరే ఇల్లు వదలాలి. వాగు వెంట కిందికి పరుగెత్తకూడదు, ప్రవాహం మీకన్నా వేగంగా వస్తుంది. వాగుకు అడ్డంగా, పక్క గట్టు పైకి ఎక్కాలి. వంతెన దాటే ప్రయత్నం వద్దు. పైకి చేరాక 112కు ఫోన్ చేయండి, కింది ఊళ్లలో తెలిసినవారికి చెప్పండి. మొదటి ప్రవాహం ఆగిందని సామాన్ల కోసం దిగకండి. వయనాడ్‌లో ఆ రాత్రి గంటల తేడాతో మళ్లీ వచ్చింది.